తేగలు గిడసబారితే నేలను చూడండి

ప్రశ్న: పెరట్లో మూడొందల తాటి టెంకలు పాతర వేశాం. సంక్రాంతికి తీస్తే సగం కుళ్లిపోయాయి. మిగతావి వంకర్లు తిరిగి బెత్తెడు కూడా లేవు. తప్పెక్కడ జరిగింది? (కొత్తపట్నం, ప్రకాశం జిల్లా)

జవాబు: అవి రెండూ వేర్వేరు తప్పులు. వంకర సంగతి ముందు చూద్దాం. తాటి మొలక మొదట పైకి రాదు, కిందికి దిగుతుంది. మనం తినే తేగ అదే. అడుగున గట్టి నేల తగిలితే అక్కడే మెలిక తిరిగి ఆగిపోతుంది. అందుకని టెంకల కింద కనీసం రెండడుగుల వదులు మట్టి ఉండాలి. గుంట తవ్వడం కన్నా ఇసుకా మట్టీ కలిపి నేల మీదే కుప్పగా పోసుకోండి. కుళ్లుకి మందు కూడా అదే. మన వైపు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లోనే కదా. వాయుగుండం పట్టిందంటే గుంటలో వేసిన పాతర చెరువే! కుప్ప చుట్టూ జానెడు కాలవ తీసి నీరు పోయే దారి చూపండి.

టెంకలు తమంతట రాలిన పండ్లవే కావాలి. గుజ్జు తీశాక ఎండలో పడేస్తే మొలక చస్తుంది, వారంలోపే వేసేయండి. పక్కపక్కన ఆనించి పరిచి, మూడంగుళాల మట్టి కప్పి, పైన తాటాకులు వేయండి. వాన లేనప్పుడు తడపండి. గుప్పిట పడితే మట్టి ముద్దవ్వాలి, నీళ్లు కారకూడదు.

మూడు నెలలు దాటాక ఒక మూల నుంచి ఒకటి తీసి విరవండి. పుటుక్కుమంటే సరే, నార సాగితే ఆలస్యమైనట్టు. ఆకు మట్టిపైకి వచ్చేదాకా ఉంచితే పిండంతా మొక్కకే పోతుంది. పైనుంచి లాగితే నడిమికి విరుగుతాయి కాబట్టి కుప్పను పక్కనుంచి తవ్వుకుంటూ రండి. టెంకలు పారేయకండి, పగలగొడితే లోపల బుర్రగుంజు, అంటే తినే మెత్తటి తెల్ల గుజ్జు ఉంటుంది. పిల్లలు తేగల చుట్టూ తిరిగేది సగం దానికోసమే.

ప్రశ్న: తాటిపండు గారెలు చేదొస్తున్నాయి. బెల్లం పెంచినా పోవడం లేదు. (కావలి, నెల్లూరు జిల్లా)

జవాబు: బెల్లంతో పోయే చేదు కాదది. ఫ్లాబెల్లిఫెరిన్ అనే పదార్థం వల్ల వస్తుంది, చెట్టుని బట్టి ఎక్కువ తక్కువలుంటాయి. ముందు గుజ్జు నాలిక మీద వేసుకుని చూడండి. చేదనిపిస్తే పల్చటి గుడ్డలో మూటకట్టి రాత్రంతా వేలాడదీయండి. కారే నీళ్లతోనే చేదు చాలావరకు దిగిపోతుంది. ఆ నీళ్లు పారబోయండి. కప్పు గుజ్జుకి కప్పు బియ్యప్పిండి, ముప్పాతిక కప్పు బెల్లం తురుము చాలు. నీళ్లు అసలొద్దు, బెల్లం కరిగి పిండి తానే జారవుతుంది. మంట ఎక్కువైతే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది.

ప్రశ్న: పొలం గట్టున తాటిచెట్లు వేద్దామనుకుంటున్నాం. ఆడదో పోతుదో మొక్కప్పుడే తెలుస్తుందా? (విడవలూరు, నెల్లూరు జిల్లా)

జవాబు: చూసి చెప్పలేం. పూత వచ్చేసరికి పన్నెండు, పదిహేనేళ్లు పడుతుంది, అప్పుడే తేలేది. కాబట్టి టెంకలు కాస్త ఎక్కువే పాతండి. పాతేది కూడా చెట్టు ఉండాల్సిన చోటే. తల్లివేరు లోతుగా దిగాక పీకి నాటితే బతకడం కష్టం. ముంజలకి ఆడచెట్టే కావాలి గానీ, నీరా (చెట్టు గీస్తే కారే, పులియని తీపి రసం) పోతుతాడూ ఇస్తుంది. కాకపోతే కుండ లోపల సున్నం పూయకపోతే పొద్దెక్కేసరికి అది కల్లయి కూర్చుంటుంది.