ఫొటో పెట్టుకుని బెదిరిస్తుంటే...

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్లు. ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మాయి పేరుతో పరిచయమైన ఎవరో వాడి చేత ఒంటిమీద బట్టల్లేని ఫొటో పంపించుకున్నారు. ఇప్పుడు ఐదు వేలు ఇవ్వకపోతే స్నేహితులందరికీ పంపిస్తామంటున్నారు. ఖాతా తీసేయమంటారా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: వద్దమ్మా, తీసేస్తే ఆధారాలూ పోతాయి. ముందు బాబుని దగ్గర కూర్చోబెట్టుకుని "తప్పు వాళ్లది, నేనున్నాను" అని చెప్పండి. ఈ బెదిరింపులకి బలం పిల్లల్లోని భయమే. తిట్టినా, కొట్టినా వాడు మళ్లీ నోరు విప్పడు.

డబ్బు పంపకండి. ఒకసారి ఇస్తే ఇస్తారని తెలిసి మళ్లీ అడుగుతారు. బెదిరింపు సందేశాలు, అడిగిన యూపీఐ ఐడీ, అవతలి ఖాతా యూజర్‌నేమ్ స్క్రీన్‌షాట్లు తీయండి. ప్రొఫైల్ లింకు కూడా కాపీ చేసుకోండి. ఆ తర్వాతే యాప్‌లో రిపోర్ట్ కొట్టి, బ్లాక్ చేయండి. బాబు ఫొటోను మాత్రం సాక్ష్యం కోసమైనా ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దు.

జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లల విభాగం కింద ఫిర్యాదు చేయండి. పిల్లల సాయానికి 1098 ఉంది. ఇప్పటికే డబ్బు వెళ్లి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి లావాదేవీ నంబరు చెప్పండి. ఆలస్యమైతే సొమ్ము వేరే ఖాతాలకి మారిపోతుంది. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం మగపిల్లలకీ వర్తిస్తుంది.

'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఫొటోకి ఒక డిజిటల్ గుర్తు తయారుచేస్తుంది. ఫొటో మీ ఫోన్ దాటదు. ఆ గుర్తుతో ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ వంటివి దాన్ని పట్టుకుని తొలగించగలవు. వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకునేవి మాత్రం దీనికి చిక్కవు.

కొన్ని రాత్రులు బాబుని ఒంటరిగా పడుకోనివ్వకండి.