రెండేళ్ళు ఆగి వేసే పాటల జాబితా

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి మీద ఉన్నాయి. పోయిన సంచికలో 2023 తెలుగు సినిమా ఆల్బమ్‌లకు ర్యాంకులు వేశాను కదా, ఒకటి బలగం, రెండు హాయ్ నాన్న, మూడు బేబి, నాలుగు దసరా, ఐదో స్థానం ఖాళీ అని. మెచ్చుకున్నవాళ్ళున్నారు, గట్టిగా అడిగినవాళ్ళూ ఉన్నారు. అడిగినవాళ్ళకే ముందు జవాబులు.

ప్రశ్న: అక్కా, అందరూ డిసెంబర్ 31 లోపలే ఆ ఏటి టాప్ టెన్ వేసేస్తారు. మీరు రెండేళ్ళ తర్వాత వేస్తున్నారు. ఇప్పుడెవరికి కావాలి ఆ జాబితా?
(డిగ్రీ విద్యార్థి, ప్రొద్దుటూరు)

జవాబు: నాకు కావాలి తమ్ముడూ, నీకూ కావాలనే నా ఉద్దేశం. బలగం వచ్చింది 2023 మార్చి 3న, హాయ్ నాన్న వచ్చింది డిసెంబర్ 7న. ఆ డిసెంబర్ ఆఖరుకే ర్యాంకు వేసుంటే ఒకదాన్ని పది నెలలు నమిలి, ఇంకోదాన్ని మూడు వారాలు నాలుక మీద పెట్టుకుని తీర్పు చెప్పినట్టుండేది. పాటలు ముందే ఒక్కొక్కటిగా వదిలారులే, కానీ ఆ పాట సినిమాలో ఎక్కడొస్తుందో, ఎందుకొస్తుందో చూశాక వినడం వేరు కదా.

ఇంకో కారణం కూడా ఉంది, అది నా చిన్నప్పటిది. కడపలో వై.వి. స్ట్రీట్ పక్క సందులో ఒక రికార్డింగ్ సెంటర్ ఉండేది. ఖాళీ కాసెట్ ఇచ్చి, కావలసిన పాటలు నోటుబుక్కు కాగితం మీద రాసిస్తే రెండు మూడు రోజుల్లో ఎక్కించి ఇచ్చేవాళ్ళు. అరవై నిమిషాల కాసెట్, వైపుకు ముప్పై నిమిషాలు, పాట ఐదు నిమిషాలనుకుంటే వైపుకు ఆరు, మొత్తం పన్నెండు. సంక్రాంతి సెలవుల్లో మా చిన్నాయనా నేనూ మిద్దె మీద కూర్చుని, ఏడాదంతా రేడియోలో విన్న పాటల్లోంచి ఆ పన్నెండూ ఏరేవాళ్ళం. పదమూడోది రాయాలంటే ఒకటి కొట్టేయాలి. నాకు కొట్టేయడం ఇష్టం లేక ఒక ఏడాది మొదటి వైపుకే ఏడు పాటలు రాసిచ్చాను, చిన్నాయన పట్టదమ్మా అంటున్నా వినకుండా. సెంటర్లో వాళ్ళూ ఒక మాట చెప్పకుండా ఎక్కించేశారు. ఇంటికొచ్చి పెట్టుకుంటే ఏడో పాట పల్లవి వచ్చి, చరణం రెండు పాదాలు నడిచి, టేపు అయిపోయి మీట టక్కుమని పైకి లేచింది. ఎంత ఏడ్చానో. ఇప్పటికీ ఆ పాట ఏ పెళ్ళిలో విన్నా, ఆ రెండో పాదం దగ్గరికొచ్చేసరికి ఆ చప్పుడు కోసం చెవి ఎదురుచూస్తుంది.

ఇప్పుడు ఫోన్లో ఎన్ని వేల పాటలైనా పడతాయి, దేన్నీ కొట్టేయాల్సిన పని లేదు. అందుకే ఆ కొట్టేసే పని రెండేళ్ళ కాలానికి అప్పజెప్పాను. అది మొహమాటపడదు.

ప్రశ్న: మీ ర్యాంకులకు లెక్కేమిటి మేడమ్? యూట్యూబ్ వ్యూస్ చూస్తే మీ ఒకటో నంబర్ ఒకటో నంబర్ కాదు.
(బ్యాంకు ఉద్యోగి, పులివెందుల)

జవాబు: వ్యూస్ చూడను సార్. స్పాటిఫైలో ముప్పై సెకన్లు వింటే అది ఒకసారి విన్నట్టు లెక్క. ముప్పై సెకన్లు విని మార్చేసినవాడూ, ఆరు నిమిషాలూ కళ్ళు మూసుకుని విన్నవాడూ అక్కడ సమానమే. ఇప్పటి పాటల్లో పల్లవికి ముందు వాయిద్యాలు తగ్గిపోయి, పాట మొదలవడమే హుక్ లైన్‌తో, అంటే చెవిని పట్టేసే పాదంతో, మొదలవడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం.

నేను చూసేవి రెండే. ఒకటి, ఈ పాటను ఈ సినిమాలోంచి తీసి ఇంకో సినిమాలో పెడితే అతుక్కుంటుందా? అతుక్కుంటే మార్కులు తగ్గుతాయి. రెండు, ఆల్బమ్ అన్నాక అన్ని పాటలూ ఒక ఇంటి పిల్లల మాదిరి ఉండాలి, ముఖాలు వేరైనా పోలిక తెలియాలి. బలగంలో ఊరు పల్లెటూరు విన్నాక ఆఖర్లో పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడే తోడుగా మాతోడుండి వినండి. ఒకటి ఊరు నిద్ర లేచే పాట, ఒకటి ఊరిలో మనిషి పోయాక ఇంటి ముందర పాడే పాట, మధ్యలో ఆ కుటుంబం పడిన గొడవంతా ఉంది. రెండూ ఒకే మట్టిలోంచి వచ్చాయని చెప్పడానికి సంగీతం తెలియనక్కర్లేదు. భీమ్స్ సిసిరోలియో ఆ పాటల్ని ఇంకెక్కడా పెట్టలేనట్టు కట్టాడు. ఆ ఆఖరి పాట మా వీధిలో ఒక పెద్దాయన పోయిన పదకొండో రోజు ఎవరో ఫోన్లో పెట్టారు. చావిట్లో విస్తళ్ళు వేస్తున్న ఆడవాళ్ళు చేతుల్లో ఆకులు అట్లే పట్టుకుని నిలబడిపోయారు. తెలంగాణ మాట, కడప ఇల్లు, ఒక్క ముక్క ఎవరికీ అర్థం చెప్పాల్సిన పని పడలేదు.

హాయ్ నాన్న రెండోది ఎందుకంటే హేషమ్ అబ్దుల్ వహాబ్ అదే ఏడాది ఖుషికి కూడా పాటలిచ్చాడు. నా రోజా నువ్వే వచ్చిన కొత్తలో నేనూ తెగ విన్నాను. రెండేళ్ళ తర్వాత చూసుకుంటే ఖుషి పాటలు విడివిడిగా గుర్తున్నాయి, హాయ్ నాన్న మొత్తంగా గుర్తుంది. సమయమా దగ్గర మొదలుపెడితే గాజు బొమ్మ దాకా ఆపకుండా వినబుద్ధేస్తుంది. గాజు బొమ్మ ఆయనే పాడాడు, మలయాళం మాతృభాషైన మనిషి తెలుగు తండ్రి గొంతును అంత మెత్తగా పట్టుకోవడం నాకు గొప్పగా అనిపించింది.

బేబి మూడోది, దాంట్లో ఓ రెండు ప్రేమ మేఘాలిలా ఒక్కటే మిగతా పాటలన్నింటినీ మోస్తోంది. అనంత శ్రీరామ్ రాసిన పల్లవి, శ్రీరామచంద్ర గొంతు, వెనక ఆ బృందగానం. దసరాలో ధూమ్ ధామ్ దోస్తాన్ ఇప్పుడు వింటే కాస్త పాతబడింది, చమ్కీల అంగీలేసి మాత్రం ఇంకా పెళ్ళిళ్ళలో మోగుతూనే ఉంది. దానికీ ఊరు పల్లెటూరుకూ సాహిత్యం ఒకరే, కాసర్ల శ్యామ్. నా నాలుగు ఆల్బమ్‌లలో రెండింటిలో ఆయన కలం ఉంది.

ప్రశ్న: 2023 సినిమాల జాతీయ అవార్డుల్లో ఉత్తమ సంగీతం సార్ సినిమాకొచ్చింది. మీ ఐదో స్థానం ఖాళీ పెట్టి దాన్ని వదిలేయడం ఏం న్యాయం?
(టీచర్, రాజంపేట)

జవాబు: 2025 ఆగస్టు 1న ప్రకటించిన అవార్డు జి.వి. ప్రకాష్ కుమార్‌కు తమిళ వాతి పేరు మీద వచ్చింది మేడమ్. అదే సినిమా మనకు సార్, రెండు భాషల్లోనూ తీశారు. శ్వేతా మోహన్ పాడిన మాస్టారూ మాస్టారూ నాకు ప్రాణం, మీరు టీచర్ కాబట్టి మీకింకా దగ్గరగా ఉంటుంది. కానీ నేను ర్యాంకు వేస్తోంది పాటకు కాదు, ఆల్బమ్‌కు. ఆ ఒక్క పాట తీసేస్తే నాకు మిగిలింది తక్కువ. బేబికీ అదే మాట వర్తిస్తుంది కదా అని మీరడగొచ్చు, అక్కడ ప్రేమిస్తున్నా కూడా ఉంది. ఆ పాటకే పి.వి.ఎన్.ఎస్. రోహిత్‌కు ఉత్తమ గాయకుడిగా అదే జాతీయ అవార్డుల్లో గుర్తింపు వచ్చింది. ఊరు పల్లెటూరుకు కాసర్ల శ్యామ్‌కు ఉత్తమ సాహిత్యం వచ్చింది. ఆ రెండూ విన్న రోజు నాకు చాలా సంతోషమేసింది.

ప్రశ్న: సంక్రాంతికి వచ్చిన వీరసింహారెడ్డి, వాల్తేరు వీరయ్య పాటలు ఎందుకు లేవక్కా? నా ఆటోలో ఇప్పటికీ అవే.
(ఆటో డ్రైవర్, వేంపల్లె)

జవాబు: థియేటర్‌లో ఆ పాటలకు నేనూ లేచి నిలబడ్డాను తమ్ముడూ. ఇంట్లో ఒంటరిగా వరుసగా వింటే నాకు ఆ ఊపు దొరకలేదు, అంతే సంగతి. నీ ఆటోలో రెండేళ్ళయినా మోగుతున్నాయంటే నీ జాబితాలో వాటికి చోటుంది, తీసేయొద్దు.

ప్రశ్న: రహమాన్ గారు మన పెద్దదర్గాకు అంత భక్తితో వస్తారు. ఆయన పొన్నియిన్ సెల్వన్ రెండో భాగం 2023లోనే కదా వచ్చింది?
(గృహిణి, కడప)

జవాబు: అవునక్కా, ఏప్రిల్ 28న. ఉరుసు రోజుల్లో ఆయన వచ్చారని తెలిస్తే దర్గా వీధి ఎట్లుంటుందో మీకు తెలియనిది కాదు. పొన్నియిన్ సెల్వన్ మొదటి భాగం నేపథ్య సంగీతానికే ఆయనకు ఏడో జాతీయ అవార్డు వచ్చింది. కానీ డబ్బింగ్ ఆల్బమ్‌లను నేను లెక్కలోకి తీసుకోను. తమిళ మాటకు కట్టిన బాణీలో తెలుగు మాటను కుదించి కూర్చోబెట్టాల్సి వస్తుంది, ఎంత బాగా రాసినా కొన్నిచోట్ల దీర్ఘం ఉండాల్సిన చోట హ్రస్వం పడుతుంది. అది రాసినవాళ్ళ తప్పు కాదు.

ప్రశ్న: మీ నాలుగింటిలో బలగం, దసరా రెండూ తెలంగాణ పల్లెలే. మన యాసలో మొత్తం ఒక ఆల్బమ్ ఎప్పుడొస్తుంది? మన సీమంటే కత్తులూ సుమోలేనా?
(రైతు, జమ్మలమడుగు)

జవాబు: అన్నా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నేను ర్యాంకులు వేసుకుంటున్నప్పుడు నాకూ ఇదే కడుపులో మెలిపెట్టింది.

మన యాసలో పాటలు రాలేదని కాదు. 2018లో కృష్ణార్జున యుద్ధంలో దారి చూడు వచ్చింది, పెంచల్ దాస్ రాసి ఆయనే పాడాడు. ఆ పాట కోస్తాలోనూ హైదరాబాద్‌లోనూ ఊగిపోతూ విన్నారు. అదే ఏడు అరవింద సమేతలో రెడ్డమ్మ తల్లి, అదీ ఆయన రాసిందే, మోహన భోగరాజు పాడింది. నాకు అది విన్నప్పుడు మా జేజి, చచ్చిపోయిన తన చెల్లెల్ని తలుచుకుని వాకిట్లో కూర్చుని తీసే రాగం గుర్తొచ్చింది. అంటే మన గొంతుకు శక్తి ఉంది, జనానికి వినే చెవి ఉంది. కానీ రెండు చోట్లా అది ఆల్బమ్‌లో ఒక పాటే. కూరలో తాలింపు మాదిరి ఒక పాట యాసలో వేసి, మిగతావి ఎప్పటిలాగే కడతారు. బలగం తీసినవాళ్ళు తాలింపుతో ఆగలేదు, అన్నమే ఆ మట్టిలో పండించారు.

మనకేం తక్కువ చెప్పన్నా? చెక్కభజన గుంపు గజ్జెలు కట్టుకుని రామాలయం ముందర తిరుగుతుంటే, ఆ చెక్కల్లో బిగించిన చిన్న తాళాల చప్పుడు ఒక్కో అడుగుకూ ఎట్ల మారుతుందో మీరు చూసే ఉంటారు. ఏ కీబోర్డూ ఆ లయ ఇవ్వలేదు. బ్రహ్మంగారి తత్వాలున్నాయి. పీర్ల పండగ రాత్రి గుండం చుట్టూ హిందువులూ ముస్లింలూ కలిసి తెలుగులో పాడే పాటలున్నాయి, అనంతపురం జిల్లా గూగూడు కుళ్ళాయస్వామి దగ్గరికి పోతే తెలుస్తుంది. కర్నూలు వైపు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మీద పాడుకునే పాటలున్నాయి. తాళ్ళపాక అన్నమయ్య మన పక్కూరివాడే, 1997లో ఆయన మీద తీసిన సినిమా సంగీతానికి కీరవాణికి జాతీయ అవార్డొచ్చింది. ఇన్నుండీ, సీమ కథ అనగానే మన పాటకు బదులు నేపథ్యంలో కత్తుల చప్పుడు వినిపిస్తే ఎవరికైనా కడుపు మండుతుంది.

నా ఐదో స్థానం ఖాళీగా పెట్టడానికి ఇదే అసలు కారణం. పోయిన సంచికలో రాయలేదు, రాస్తే ఊరి అభిమానం అంటారని జంకాను. మీ ఉత్తరం చూశాక ఆ జంకు పోయింది. ఆ చోటు అట్లే ఉంచుతాను.

ప్రశ్న: మా నాయన ఏటా ఎక్కించుకున్న కాసెట్లు ఒక ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి. టేప్‌రికార్డర్ పాడైంది. వాటిని ఫోన్లోకి ఎక్కించుకునే దారుందా?
(నర్సు, మైదుకూరు)

జవాబు: ఉందమ్మా, తొందరపడొద్దు. ముందు బాగు చేయించిన టేప్‌రికార్డరో, తెలిసినవాళ్ళ దగ్గర పని చేసే కాసెట్ డెక్కో సంపాదించు. దాని హెడ్‌ను, అంటే టేపు తగిలే భాగాన్ని, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడువు. ఇన్నేళ్ళు చుట్టుకుని ఉన్న టేపు అతుక్కుని ఉండొచ్చు, పాడించే ముందు ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పు. టేపు అంచు మీద తెల్లగా బూజు కనిపిస్తే దాన్ని పక్కన పెట్టు, డెక్కులో వేస్తే మిగతావాటికీ అంటుకుంటుంది. కాసెట్ లోపల చిన్న స్పాంజి ముక్క ఊడిపోయి ఉంటే శబ్దం బొంగురుగా వస్తుంది. అట్లాంటప్పుడు మరలతో బిగించిన ఖాళీ కాసెట్ డబ్బా తీసుకుని టేపు చక్రాలు దాంట్లోకి మార్చొచ్చు. తర్వాత డెక్కు హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌లో శబ్దం లోపలికి తీసుకునే లైన్-ఇన్ రంధ్రంలోకి వైరు పెట్టి, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేయి. అరవై నిమిషాల కాసెట్‌కు అరవై నిమిషాలూ పడుతుంది, పక్కనే కూర్చోవాలి.

పాటల్ని ముక్కలు చేసేటప్పుడు వరుస మార్చొద్దు. ఏ పాట తర్వాత ఏది రావాలో మీ నాయన ఆలోచించే రాసిచ్చుంటాడు. డబ్బా లోపలి అట్ట కూడా పారేయొద్దు, పెన్నుతో కొట్టేసిన పాటల పేర్లు దాని మీదే ఉంటాయి.