ప్రకటనలో ఫుట్‌నోట్ల మాటే లేదేం?

ప్రశ్న: మేం కొందరం చరిత్ర అధ్యాపకులం కలిసి ఒక పాఠ్యపుస్తకం రాస్తున్నాం. ఎవరైనా ఉచితంగా చదువుకునేలా, అధ్యాపకులు తమ క్లాసుకు తగ్గట్టు మార్చుకునేలా వెబ్‌లో పెట్టాలని ఉద్దేశం. చిన్న గ్రాంటు వచ్చింది. వెబ్ ప్రోగ్రామర్ కావాలని ప్రకటన ఇచ్చాం (జత చేస్తున్నాను). హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్, పీహెచ్‌పీ, పైథాన్, యాప్ తయారీ అన్నీ వచ్చి ఉండాలన్నాం. చివరికి ముగ్గురు మిగిలారు. ఒకరి డిజైన్లు కళ్లు చెదిరేలా ఉన్నాయి. ఇంకొకరు అంతా మొదటి నుంచీ సొంతంగా కోడ్ రాసిస్తామంటున్నారు. మూడో అతను విద్యార్థి, డబ్బు వద్దంటున్నాడు. ఎవరిని తీసుకోవాలి? యాప్ కూడా చేయించాలా?
— ఒక చరిత్ర అధ్యాపకురాలు

జవాబు: మేడమ్, మీ ప్రకటన చదివాను. టెక్నాలజీల పేర్లు బారెడున్నాయి గానీ ఫుట్‌నోట్ అన్న మాట ఒక్కచోటా లేదు. చరిత్ర పుస్తకానికి మనిషిని వెతుకుతూ ఫుట్‌నోట్ల ఊసెత్తకపోతే, వచ్చేవాళ్లు ఏదో కంపెనీ వెబ్‌సైట్ అనుకునే వస్తారు. వాళ్ల తప్పేం లేదు.

ప్రకటన మళ్లీ రాయండి. ఎన్ని అధ్యాయాలు, ఒక్కోదాంట్లో సుమారు ఎన్ని ఫుట్‌నోట్లు, ఎన్ని బొమ్మలు, ఎన్ని మ్యాపులు, రాతప్రతి ఇప్పుడు ఏ రూపంలో ఉంది (వర్డ్‌లోనే ఉండుంటుంది), ప్రచురించాక దిద్దుబాట్లు ఎవరు చేస్తారు. ఇవి చెబితే చాలు. ఏ భాషలో కోడ్ రాయాలో పని తెలిసినవాళ్లకి మీరు చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత ముగ్గురికీ ఒకే పరీక్ష పెట్టండి. పుస్తకంలో అన్నిటికంటే చిక్కు అధ్యాయం ఏదో అదే ఇవ్వండి. ఫుట్‌నోట్లు దండిగా ఉండాలి, ఒక పట్టిక, ఒక మ్యాపు, ఒక పొడవాటి పాత ఉత్తరమో శాసన పాఠమో ఉండాలి. దాన్ని వెబ్ పేజీగా చేసి చూపించమనండి. దానికి డబ్బివ్వండి, ఊరికే చేయించుకోవద్దు.

పేజీ వచ్చాక పెద్ద మానిటర్ మీద కాదు, ఫోన్‌లో తెరవండి. ఫుట్‌నోట్ అంకె నొక్కండి. నోటు కనపడాలి, మళ్లీ మీరు చదువుతున్న వాక్యం దగ్గరికే తిరిగి రాగలగాలి. చాలా పేజీల్లో వెళ్లే దారి ఉంటుంది, వచ్చే దారి ఉండదు. పట్టిక స్క్రీన్ దాటి పోతోందా? మ్యాపును వేళ్లతో పెద్దది చేస్తే ఊళ్ల పేర్లు చదవగలుగుతున్నారా, అలుక్కుపోయాయా? తర్వాత కంప్యూటర్లో మౌస్ పక్కన పెట్టి, ఒక్క ట్యాబ్ కీతో పేజీ అంతా తిరగండి. చూపు లేని విద్యార్థి స్క్రీన్ రీడర్‌తో వింటే ఆ మ్యాపు దగ్గర ఏం వినిపిస్తుందో అడగండి. ‘ఇమేజ్ 3’ అని వినిపిస్తే మ్యాపు లేనట్టే లెక్క. ఆ వివరణ రాయాల్సింది మీరు, దానికి చోటు పెట్టాల్సింది ప్రోగ్రామర్.

ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న మాత్రం తప్పకుండా అడగండి: ‘విద్యార్థి తన వ్యాసంలో మా పుస్తకాన్ని ఉటంకిస్తే ఏ పేజీ అని రాయాలి?’ వెబ్‌లో పేజీ సంఖ్యలుండవు కదా. పేరాలకు వరుసగా నంబర్లు వేస్తామంటారు. వచ్చే ఏడాది మీరు మధ్యలో ఒక పేరా చేర్చేదాకా బాగానే ఉంటుంది. చేర్చిన మరుక్షణం 12వ పేరా 13వది అవుతుంది, అప్పటికి ఎవరెవరో రాసుకున్న ఉటంకింపులన్నీ గల్లంతు. పేరాకి ఒకసారి ఇచ్చిన గుర్తు మారకూడదు. కొత్త ఎడిషన్ వచ్చినా పాతది పాత చిరునామాలోనే దొరకాలి. చరిత్ర చెప్పేవాళ్లకి ఇది నేను చెప్పాలా! దీనికి తడుముకోకుండా జవాబు చెప్పేవారెవరైనా ఉంటే, నా ఓటు వాళ్లకే.

ఇక మీ ముగ్గురి సంగతి. డిజైన్ల ఆయన పరీక్షలో నెగ్గితే సంతోషం, డిజైన్ చూసి మాత్రం ఖాయం చేయొద్దు. సొంత కోడ్ వారితో కాస్త జాగ్రత్త. ప్రెస్‌బుక్స్ అని, వర్డ్‌ప్రెస్ (వెబ్‌సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) మీద నడిచే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఇలాంటి పుస్తకాల కోసమే ఉంది. ఒకే పాఠం నుంచి వెబ్ పుస్తకమూ, ఈపబ్ ఫైలూ (దించుకుని చదివే ఈ-పుస్తకం) రెండూ తీయొచ్చు. అలాంటిది ఉండగా కొత్తగా ఎందుకు రాయాలో మీకు అర్థమయ్యే మాటల్లో చెబితే వినండి. ‘అది నాకు నచ్చదు’ అన్నది కారణం కాదు. (ఇంకొకరి కోడ్ నచ్చకపోవడం ప్రోగ్రామర్ల జాతి లక్షణం. నేనూ ఆ జాతివాణ్నే.) కుర్రాడికి పని వస్తే నిక్షేపంగా తీసుకోండి, కానీ డబ్బిచ్చి. ఊరికే చేసేవాడిని, పరీక్షల ముందు రోజు అధ్యాయం తెరుచుకోవట్లేదని గట్టిగా అడగలేరు.

ఎవరైనా సరే, పని మొదలయ్యే ముందే కాగితం మీద పెట్టుకోండి. చాలా దేశాల్లో, రాతపూర్వకంగా బదిలీ చేయకపోతే బయటి మనిషి రాసిన కోడ్ మీద కాపీరైట్ ఆ మనిషిదే. పాఠానికి క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ (ఏ షరతులతో ఎవరైనా వాడుకోవచ్చో ముందే చెప్పే అనుమతి) సరిపోతుంది. మార్చుకోనివ్వాలన్నది మీ ఉద్దేశం కాబట్టి ‘నో డెరివేటివ్స్’ (మార్చినదాన్ని పంచకూడదు) అని ఉన్న రకం జోలికి పోకండి. కోడ్‌కి మాత్రం క్రియేటివ్ కామన్స్ వాళ్లే తమ లైసెన్స్ వాడొద్దంటారు; జీపీఎల్, ఎంఐటీ లాంటి సాఫ్ట్‌వేర్ లైసెన్సులు దానికోసం ఉన్నాయి. డొమైన్ (సైటు చిరునామా), హోస్టింగ్ (సైటు ఉండే చోటు) ఖాతాలు మీ బృందం పేరునే ఉండాలి. చివరి విడత డబ్బు ఎప్పుడివ్వాలంటే: మీలో కంప్యూటర్ అంటే టెన్షన్ పడేవారొకరు, ప్రోగ్రామర్ రాసిచ్చిన సూచనలు మాత్రమే చూసి, ఎవరినీ అడక్కుండా ఒక అధ్యాయం ఎక్కించి ఒక ఫుట్‌నోట్ సరిదిద్దగలిగినప్పుడు.

యాప్ వద్దు. ఫోన్‌లో చక్కగా తెరుచుకునే సైటు ఉంటే యాప్‌కి పనేమీ మిగలదు, నెట్ లేనప్పటికి ఈపబ్ ఉంది. ఆండ్రాయిడ్, ఐఫోన్ కొత్త వెర్షన్లు వచ్చినప్పుడల్లా యాప్‌ను సరిచూసుకోవాలి. గ్రాంటు అయిపోయాక ఆ పని ఎవరు చేస్తారు? ఆ డబ్బుతో బొమ్మల అనుమతులు చూసే మనిషిని పెట్టుకోండి. పుస్తకానికి మీరు పెట్టిన లైసెన్స్, హక్కులు వేరొకరివైన ఫోటోకి వర్తించదు. ప్రతి బొమ్మ కిందా దాని మూలం, దాని లైసెన్స్ విడిగా ఉండాలి. రేపు ఇంకో అధ్యాపకుడు మీ అధ్యాయం తీసుకుని మార్చుకునేది బొమ్మలతో సహా కదా.