ఆ ఫొటోలోది చీఫ్స్ స్పెషల్ కాదు

మీరు పెట్టిన ఫొటోలో అమెరికన్ డిటెక్టివ్ చేతిలోని పొట్టి రివాల్వర్ చీఫ్స్ స్పెషల్ అన్నారు, ఫొటో వెనక 1938 అని రాసి ఉందనీ అన్నారు. ఆ తేదీ నిజమైతే చీఫ్స్ స్పెషల్ అయ్యే వీలే లేదండి. తుపాకుల కంపెనీ స్మిత్ అండ్ వెసన్ ఆ రివాల్వర్‌ను తెచ్చింది 1950లో. అమెరికన్ డిటెక్టివ్ చేతిలో అప్పట్లో కనిపించే 2 అంగుళాల బ్యారెల్ పొట్టి రివాల్వర్ అంటే ముందు అనుమానించాల్సింది 1927లో మరో కంపెనీ కోల్ట్ తెచ్చిన 6 తూటాల డిటెక్టివ్ స్పెషల్‌నే.

తేదీని నమ్మకుండా ఫొటోనే పెద్దది చేసి చూడండి. బ్యారెల్ కింద ఎజెక్టర్ రాడ్ (కాల్చిన తూటాల ఖాళీ గొట్టాలను బయటికి నెట్టే కడ్డీ) కొస ఏ ఆధారమూ లేకుండా గాలిలో ఉంటే పాత కోల్ట్. చిన్న దిమ్మలోకి దిగి ఉంటే స్మిత్. తూటాలు పట్టి తిరిగే సిలిండర్ మీది గాట్లు కూడా చూడండి: చీఫ్స్ స్పెషల్‌లో 5 తూటాలే కాబట్టి గాటు రెండు తూటా గదుల మధ్య పడుతుంది.

ఒక్క చిక్కుంది. డిటెక్టివ్ స్పెషల్‌లాగే కోల్ట్ వాళ్ల బ్యాంకర్స్ స్పెషల్‌దీ 2 అంగుళాల బ్యారెలే, అందులోనూ 6 తూటాలే. అమెరికా రైల్వే మెయిల్ గుమాస్తాలకు ఇచ్చింది దాన్నే. అయితే అది పొట్టి తూటాలకు చేసింది, అందుకే సిలిండర్ పొడవు తక్కువ. చాలామంది పొరబడేది ఇక్కడే. పక్కనుంచి తీసిన ఫొటో ఉంటే పెట్టండి.