కారులో వెనక్కి చూసే అద్దాన్ని కనిపెట్టింది రేసర్ రే హారూనేనా?

కాదు, హారూన్ ఆ అద్దాన్ని కనిపెట్టలేదు. 1911 మే 30న అమెరికాలో జరిగిన మొదటి ఇండియానాపోలిస్ 500 (500 మైళ్ల కారు రేసు)లో తన కారుకు బిగించి దానికి పేరు తెచ్చాడు.

అప్పట్లో రేసు కారులో డ్రైవర్ పక్కన ఒక మెకానిక్ కూర్చుని, వెనుక ఎవరొస్తున్నారో చెబుతూ ఉండేవాడు. హారూన్ నడిపిన మార్మన్ వాస్ప్ ఒంటి సీటు బండి. వెనక్కి చూసే మనిషి లేకపోతే ప్రమాదమని మిగతా డ్రైవర్లు అభ్యంతరం చెప్పారు. దాంతో అతను స్టీరింగ్‌కు ముందు, సన్నని కడ్డీల మీద ఒక చిన్న అద్దం నిలబెట్టాడు. 1904లో షికాగోలో ఒక గుర్రపు బండికి అలాంటిది చూశానని తర్వాత తనే చెప్పాడు. 1909లోనే బ్రిటన్‌లో డొరొతీ లెవిట్ మహిళా డ్రైవర్లకు చేతి అద్దం దగ్గర ఉంచుకోమని సలహా ఇచ్చింది కూడా.

అద్దం వల్లే గెలిచాడన్నది ఇంకో అపోహ. ఇటుకలు పరిచిన ఆ ట్రాక్ మీద అద్దం విపరీతంగా అదిరి, అందులో ఏమీ కనబడలేదట! గెలిపించింది నిలకడ. గంటకు సగటున 120 కిలోమీటర్ల వేగాన్ని దాటనివ్వకుండా టైర్లను కాపాడుకున్నాడు. మధ్యలో కొన్ని ల్యాప్‌లు అతని బదులు సైరస్ పాచ్కీ అనే డ్రైవర్ నడిపాడు. ఆ గెలుపుతోనే హారూన్ రేసులు మానేశాడు.