గుర్రానికి అమైనో యాసిడ్ సిరప్ కొనాలా? ముందు దాణా లెక్క చూడండి

అన్నా, సిరప్ సంగతి తర్వాత, ముందు మీరు రాసిన దాణా చూద్దాం. చంద్రగిరి పక్క పెళ్ళి ఊరేగింపులకు తిప్పే ఆడ గుర్రం, రోజుకు రెండు కిలోల మొక్కజొన్న, అరకిలో వేరుశనగ చెక్క, కడుపు నింపడానికి వరిగడ్డి. వెన్ను మీద కండ పట్టడం లేదు, డెక్కలు పెచ్చులు లేస్తున్నాయి. "ఇదే చెక్కతో మా ఆవులు బ్రహ్మాండంగా ఉన్నాయి, గుర్రానికి ఏమొచ్చింది" అని మీరు అడిగిన మాటలోనే అసలు విషయం ఉంది.

మా ఇంట్లో తాత కాలం నుంచి జట్కా గుర్రాలు, ఇప్పుడు నేను పెళ్ళి గుర్రాలు మేపుతున్నాను, పాలకు ఆవులూ ఉన్నాయి, కాబట్టి రెండు కడుపులూ రోజూ చూస్తున్నవాణ్ణే. ఆవు ఏ గడ్డి తిన్నా ముందు పెద్దపొట్టలో సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి తమ ఒంట్లో కొత్త ప్రోటీన్ తయారు చేసుకుంటాయి, ఆ తర్వాత ఆ సూక్ష్మజీవులే చిన్నపేగులోకి దిగి అరిగి ఆవుకు ప్రోటీన్ అవుతాయి. అందుకే ఆవు నాసిరకం చెక్కతోనూ నెట్టుకొస్తుంది. గుర్రానికి ఆ పులియబెట్టే పని చిన్నపేగు దాటాక, వెనక పెద్దపేగులో జరుగుతుంది. అక్కడ ప్రోటీన్ తయారైనా అమైనో ఆమ్లాలుగా, అంటే ప్రోటీన్ అరిగితే వచ్చే చిన్న ముక్కలుగా, ఒంటికి పట్టేది చాలా తక్కువ. కొండ దిగి రేణిగుంట చేరాక లడ్డూ టోకెన్ చేతిలో పెట్టినట్టు. అంటే గుర్రానికి కావలసిన అమైనో ఆమ్లాలు మనం పెట్టే మేతలోనే ఉండాలి, అవీ చిన్నపేగులోనే అరగాలి.

ఒంట్లో తయారు కానివి, మేతలోనే రావలసినవి పదింటి దాకా ఉన్నాయి. వాటిలో మామూలు మేతల్లో ముందుగా తక్కువ పడేది లైసిన్, దాని తర్వాత త్రియోనిన్. లైసిన్ చాలకపోతే మిగతావి ఎంత దండిగా ఉన్నా కండ కట్టదు, మిగిలిపోయిన వాటి నత్రజని యూరియాగా మారి మూత్రంలో పోతుంది. పొద్దున్నే కొట్టం తలుపు తీస్తే కళ్ళు మండే ఆ ఘాటు వాసనలో మీరు డబ్బు పెట్టి కొన్న ప్రోటీన్ కూడా కొంత ఉంటుంది.

ఇప్పుడు మీ లెక్క. బరువు ఎంతో రాయలేదు. కాటా లేకపోయినా టేపు చాలు: ముందు కాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో తీసి, దాన్ని దానితోనే గుణించి, భుజం కొన నుంచి పిరుదు కొన దాకా పొడవుతో మళ్ళీ గుణించి 11,880తో భాగిస్తే దాదాపు కిలోల్లో బరువు వస్తుంది. 155 చుట్టు, 148 పొడవు అయితే 300 కిలోల దగ్గర. మన పక్క పెళ్ళి గుర్రాలు చాలావరకు ఆ సైజే కాబట్టి 300 అనుకుందాం. అమెరికా జాతీయ పరిశోధన మండలి 2007లో వేసిన పట్టిక ప్రకారం తేలికపాటి పని చేసే 300 కిలోల గుర్రానికి రోజుకు సుమారు 420 గ్రాముల ప్రోటీన్, అందులో లైసిన్ 18 గ్రాములు కావాలి. మీ మొక్కజొన్నలో ప్రోటీన్ 170 గ్రాములు, చెక్కలో ఇంకో 220. గడ్డిది కూడా కలిపితే కాగితం మీద 420 దాటిపోతుంది, అందుకే ప్రోటీన్ తక్కువ కాదని మీకు అనిపిస్తోంది. లైసిన్ చూడండి. మొక్కజొన్నలో నూటికి పావు గ్రామే, అంటే 5 గ్రాములు. వేరుశనగ చెక్కలో నూటికి ఒకటిన్నర, అంటే ఏడున్నర. మొత్తం పన్నెండున్నర, కావలసిన 18కి ఐదున్నర గ్రాములు తక్కువ. వరిగడ్డిలో ఉన్న కాస్త ప్రోటీన్ కూడా సరిగ్గా అరిగేది కాదు, దాన్ని నమ్ముకోవద్దు.

అదే అరకిలో వేరుశనగ చెక్క తీసేసి అరకిలో సోయా డీఓసీ (నూనె తీసేసిన సోయా చెక్క) పెడితే దాంట్లోనే లైసిన్ 14 గ్రాములు వస్తుంది, మొక్కజొన్నది కలిపితే 19. తూకం అదే, ప్రోటీన్ కూడా ఇంచుమించు అంతే, కానీ లెక్క సరిపోయింది. మన జిల్లాలో చెనక్కాయలు చేతికందేంత దగ్గర కాబట్టి అందరం చెక్కకే అలవాటు పడ్డాం, పైగా నిల్వ చెక్కకు బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం భయం ఒకటి. నేను మాత్రం గుర్రాలకు దాన్ని పూర్తిగా మానేశాను. పచ్చి సోయా గింజలు పెట్టకండి, వాటిలో ప్రోటీన్ అరగనివ్వని పదార్థం ఉంటుంది, వేడి చేస్తేనే పోతుంది. ఉలవలకూ అదే మాట, ఉడికించే పెట్టాలి. పప్పుజాతి కాబట్టి ఉలవల్లో లైసిన్ బాగుంటుంది, మెథియోనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం తక్కువ. మా ఇంట్లో ఉడికించిన నీళ్ళు మాకు చారు, గుగ్గిళ్ళు గుర్రానికి, ఇద్దరికీ న్యాయం జరుగుతుంది. ఇక వరిగడ్డిలో సగమైనా తగ్గించి లూసర్న్ (పప్పుజాతి పశుగ్రాసం) వేయగలిగితే అంతకంటే మంచి మార్పు లేదు. ఏది మార్చినా వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చండి, ఒక్కసారిగా మారిస్తే కడుపు నొప్పి ఖాయం.

డెక్కల విషయానికొస్తే, డెక్క, జూలు, తోక అన్నీ కెరాటిన్ అనే ప్రోటీన్, దానికి గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు కావాలి, మెథియోనిన్ అందులో ముఖ్యం. నువ్వుల చెక్కలో అది బాగుంటుంది, లైసిన్ మాత్రం తక్కువ, కాబట్టి సోయాతో పాటు గుప్పెడు కలపొచ్చు కానీ దాని బదులు కాదు. డెక్క పైనుంచి కింది దాకా పెరిగి రావడానికి 9 నుంచి 12 నెలలు పడుతుంది. మా తెల్ల గుర్రానికి నాడా కొట్టేటప్పుడు మేకు దిగిన చోటల్లా అంచు పొట్టులా రాలిపోయేది. దాణా మారాక వెంట్రుకలు మొదలయ్యే గీత కింద నున్నగా కొత్త డెక్క ఒక పట్టీలా దిగడం కనబడింది, పాతదంతా అరిగి పోయేదాకా మేకులు ఆ కింది భాగంలో వదులవుతూనే ఉన్నాయి. వెన్ను పక్కల గుంటలు మాత్రం అంతకంటే చాలా ముందే పూడాయి. ఊరికే నిలబెట్టి మేపితే అదీ రాదు, రోజూ నడిపించాలి.

సిరప్ సీసా వెనక లైసిన్ ఎంతో చదవండి. రోజు మోతాదులో మిల్లీగ్రాముల్లో ఉంటే, మీకు లోటు ఉన్నది గ్రాముల్లో కాబట్టి, పక్కన పెట్టేయండి. అంతగా కావాలంటే కోళ్ళ దాణా సరుకులు అమ్మేచోట లైసిన్ పొడి దొరుకుతుంది, దాంట్లో అసలు లైసిన్ నూటికి 78 పాళ్ళు, కాబట్టి ఆ ఐదున్నర లోటుకు ఏడెనిమిది గ్రాములు చాలు. బ్యాండు మేళానికి బెదరకుండా ట్రిప్టోఫాన్ అనే మరో అమైనో ఆమ్లం పౌడర్ అమ్ముతారు, అది పనిచేస్తుందని గట్టి రుజువు లేదు, నేను కొనను.

ఒక్కటి మాత్రం చచ్చినా చేయొద్దు. లైసిన్ ఉంటుంది కదా అని తయారు బ్రాయిలర్ దాణా బస్తా తెచ్చి పోయకండి. చిత్తూరు చుట్టూ కోళ్ళ ఫారాలే కాబట్టి ఈ సలహా ఎవరో ఒకరు ఇస్తారు. వాటిలో మొనెన్సిన్, సాలినోమైసిన్ లాంటి మందులు కలిపి ఉండొచ్చు. కోళ్ళకు పనికొచ్చే మోతాదు గుర్రం గుండెను దెబ్బతీసి చంపేస్తుంది. ఆవుల దాణాలోనూ మొనెన్సిన్ కలిపేవి ఉన్నాయి, లేబుల్ చూడకుండా పెట్టొద్దు.

దాణా మార్చే ముందు తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్ళి పళ్ళు, పేడలో పురుగులు చూపించండి, నమలలేని గుర్రానికి ఏ లైసినూ పట్టదు. అక్కడే చూలు ఉందేమో కూడా అడగండి. పాలిచ్చే మొదటి నెలలో 500 కిలోల గుర్రానికే లైసిన్ 27 గ్రాముల నుంచి 85 దాకా పెరుగుతుంది, అలాంటిదే అయితే పైన రాసిన లెక్కంతా మళ్ళీ వేయాలి. బరువు, చూలు సంగతి తేలాక కింద రాయండి, వేసి పెడతాను.