దారిలో సరస్సు కనిపిస్తే గాలం ఎలా వేయాలి

చిరంజీవి అల్లుడికి,

ఆశీస్సులు. ప్రయాణంలో సరస్సు కనిపించినచోట ఆగి ఒడ్డు మీంచి గాలం వేద్దామనుకుంటున్నానని, ఏమేం పట్టుకెళ్లాలో చెప్పమని రాశావు. సామాను సంగతి చెబుతాను గానీ, దానికంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది. రోజూ వెళ్లే నీళ్లయితే ఎక్కడ లోతు, ఎక్కడ మోడు మునిగి ఉంది, చేప ఏ వేళకు గట్టుకొస్తుంది అన్నీ చేతికి తెలిసిపోయి ఉంటాయి. కొత్త నీళ్లలో అవేవీ తెలియవు. పైగా నీకుండేది రెండు మూడు గంటలే. అందుకే ఆ కాస్త సమయంలోనూ మొదటి ఇరవై నిమిషాలు రాడ్‌ను సంచిలోనే ఉంచు. వచ్చీ రాగానే చేతనైనంత దూరం విసిరి కూర్చోవడమే కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు. చాలాసార్లు చేప వాళ్ల కాళ్ల దగ్గరే ఉండి, ఆ అలికిడికి లోపలికి పోతుంది.

ఒడ్డుకు ఇరవై అడుగుల దూరంనుంచే నెమ్మదిగా నడు. చేపకు ఒంటికి రెండు పక్కలా ఒక సన్నని గీత ఉంటుంది చూడు, నీళ్లలో పుట్టే అదురును దానితో పసిగడుతుంది. బరువుగా వేసిన అడుగు దానికి దూరంనుంచే తెలిసిపోతుంది. ఎండ వీపు మీద పడుతుంటే నీ నీడ నీళ్లమీద పడకుండా చూసుకో. పోలరైజ్డ్ కళ్లద్దాలుంటే నీటి మీది మెరుపు పోయి రెండు మూడు అడుగుల లోతుదాకా కనిపిస్తుంది. ప్రయాణంలో బరువు తగ్గించాలని అన్నీ తీసేసినా వీటిని తీసేయకు.

ఏం చూడాలంటావా? గాలి లేకపోయినా తుంగ ఊగుతుందా, బుడగలు వస్తున్నాయా, నీళ్లు ఒకచోట మాత్రం బురదగా తిరిగాయా, చిన్న చేపపిల్లలు ఉన్నట్టుండి పైకి చిమ్ముతున్నాయా. బుడగల్లో తేడా ఉంది. ఒకేచోటునుంచి పెద్దవి ఒకటీ అరా వస్తే అది అడుగున కుళ్లిన ఆకుల గ్యాసు. సన్నవి గుంపుగా వచ్చి, ఆ గుంపు మెల్లగా జరుగుతుంటే బంగారు తీగ లాంటి చేప బురదలో మూతి పెట్టి వెతుక్కుంటోందన్నమాట. ఎర దాని మీద పడేయకు, అది వెళ్లే దారిలో రెండు మీటర్లు ముందు పడాలి.

గాలి సంగతి చాలామంది తిరగేసి అనుకుంటారు. గాలి వీపుకు తగిలే ఒడ్డు కూర్చోవడానికి హాయిగా ఉంటుంది, విసరడమూ సులువు. కానీ వెచ్చటి రోజుల్లో పైపొర నీళ్లనూ, వాటిలో తేలే పురుగూ పుట్రనూ గాలి అవతలి ఒడ్డుకు తోసేస్తుంది. తిండి ఎటు పోతే చేప అటు. కాబట్టి గాలి ముఖానికి కొట్టే ఒడ్డునే ముందు చూడు. చలికాలంలో, చల్లగాలి వీచేటప్పుడు మాత్రం ఇది పనిచేయదు. అప్పుడు గాలి చాటున ఎండ పడే మూల మేలు.

ఎండాకాలం లోతైన సరస్సులో నీళ్లు పొరలు కడతాయి. పైన వెచ్చటి పొర, అడుగున చల్లటి పొర, మధ్యలో ఉన్నట్టుండి వేడి తగ్గిపోయే పలచని పట్టీ. పై నీళ్లూ కింది నీళ్లూ కలవవు కాబట్టి చాలా సరస్సుల్లో అడుగున ప్రాణవాయువు అయిపోతూ వస్తుంది. ఆ కాలంలో నడిమధ్య లోతుకు విసిరితే ఎర చేపలు లేని చోట పడుంటుంది. గట్టునుంచి నేల జారుతూ పోయి ఉన్నట్టుండి లోతయ్యే అంచు, నాచు అయిపోయి ఖాళీ నీళ్లు మొదలయ్యే గీత, వాగు వచ్చి కలిసే నోరు, పడిపోయిన చెట్టు, ఇవీ నీ చోట్లు. తెల్లవారుజాము మంచిదే గానీ, నాచు దట్టంగా ఉన్న చిన్న నీళ్లలో రాత్రంతా నాచు కూడా నీళ్లలోని ప్రాణవాయువును పీల్చుకుంటుంది. సూర్యోదయానికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుచుకుంటుంటే అవి తినేందుకు రాలేదు, ఊపిరాడక వచ్చాయి. ఎండ ఎక్కి రెండు గంటలయ్యాక చూడు.

ఇక సామాను. నాలుగైదు ముక్కలుగా విడిపోయే ఏడెనిమిది అడుగుల రాడ్ తీసుకో. మడిస్తే అర మీటరుకు అటూ ఇటూ ఉంటుంది. ఒకదాంట్లో ఒకటి దూరే టెలిస్కోపిక్ రాడ్ ఇంకా చిన్నదవుతుంది గానీ, ఇసుక దూరితే కీళ్లు పట్టేస్తాయి. అదే కొంటే తెరిచేటప్పుడు కొసనుంచి మొదలుపెట్టు, మూసేటప్పుడు పిడి వైపునుంచి. రింగులన్నీ ఒకే వరుసలో ఉన్నాయో లేదో కన్ను పెట్టి చూడు. పట్టేసిన కీలును పటకారుతో తిప్పావంటే గొట్టం నలిగిపోతుంది. రీలు 2500 సైజు చాలు, దాంట్లో 0.25 మిల్లీమీటర్ల నైలాన్ దారం 150 మీటర్లు. దారం స్పూల్ (రీలులో దారం చుట్టుకునే చక్రం) అంచుకు రెండు మిల్లీమీటర్లు కిందికి ఆగాలి. నిండుగా చుడితే విసిరినప్పుడు చుట్టలు చుట్టలుగా ఊడొస్తుంది, తక్కువైతే అంచుకు రాసుకుని దూరం పోదు.

కొక్కేలు 6, 8, 10 నంబర్లవి పదేసి. నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుందని మరిచిపోకు. 5, 10, 15 గ్రాముల నడుమ బెజ్జమున్న గుండ్లు, స్వివెల్స్ (రెండు కొసల కన్నులూ విడివిడిగా తిరిగే చిన్న కీళ్లు), పూసలు, రెండు బెండ్లు, పొడుగు ముక్కు పటకారు, మడతపెట్టే చేతివల. అంతకుమించి మోయకు. విమానమైతే కొక్కేలు, పటకారు, కత్తి లోపలికి తీసుకెళ్లే సంచిలో కాక, అప్పగించే పెట్టెలోనే పెట్టు.

తెలియని నీళ్లలో ముందు జారే గుండు కట్టు కట్టు. రీలునుంచి వచ్చే దారానికి గుండు దూర్చు, తరవాత పూస, ఆ తరవాత స్వివెల్ ముడి వెయ్యి. స్వివెల్ అవతలి కన్నుకు 40 సెంటీమీటర్ల పొడుగు, 0.20 మిల్లీమీటర్ల మందం దారం, దాని చివర కొక్కెం. చేప ఎర పట్టుకుని కదిలితే దారం గుండులోంచి జారిపోతుంది, బరువు తగలదు కాబట్టి వెంటనే ఉమ్మేయదు. పూస లేకపోతే గుండు ముడిని కొట్టి కొట్టి నలిపేస్తుంది. కొక్కెం దగ్గరి దారం ఎందుకు సన్నదంటే, మోడుకు తగులుకుంటే తెగేది ఆ చిన్న ముక్కే, మిగతా కట్టంతా నీ చేతికొస్తుంది.

ముడి విషయంలో తొందరపడకు. దారాన్ని కన్నులోంచి ఒక జానెడు లాగు. ఆ కొసను అసలు దారం చుట్టూ ఆరుసార్లు తిప్పు. కన్ను పక్కనే ఏర్పడిన చిన్న ఉచ్చులోంచి కొసను దూర్చి, ఇప్పుడు కొత్తగా ఏర్పడిన పెద్ద ఉచ్చులోంచి మళ్లీ దూర్చు. ఉమ్మితో తడిపి, మెల్లగా బిగించు. చుట్లు ఒకదాని పక్కన ఒకటి వరుసగా సర్దుకోవాలి. ఒకదానిమీదొకటి ఎక్కితే కోసేసి మళ్లీ కట్టు. తడపకుండా లాగితే రాపిడి వేడికి నైలాన్ బలం పోతుంది. కొసను మూడు మిల్లీమీటర్లు వదిలి కత్తిరించు. చేప తెంపుకుపోయాక దారం చివర చూడు. పందితోకలా మెలి తిరిగి ఉంటే ముడి జారిందన్నమాట, గరుకుగా చీరుకుపోయి ఉంటే రాయికో మోడుకో రాసుకుంది.

ఎర లేకుండా గుండును మాత్రం నాలుగైదు వైపులా విసిరి, దారం బిగువుగా పట్టుకుని అడుగు తగిలేదాకా అంకెలు లెక్కపెట్టు. ఎక్కడ అంకె పెరిగితే అక్కడ లోతు. తరవాత మెల్లగా ఈడ్చు. టకటకమంటే గులకరాళ్లు, బంకలా పట్టుకుని వదిలితే బురద, బరువుగా వచ్చి పచ్చగా చుట్టుకుంటే నాచు. బురదకూ గులకకూ మధ్య అంచు దొరికిందంటే ఇక కదలక్కర్లేదు.

ఎరకు వానపాములను మించింది లేదు. వాటిని అక్కడే తడి నేలలో తవ్వుకో, ఒక నీళ్లవి ఇంకో నీళ్లకు మోసుకుపోకు. మొక్కజొన్న గింజలైతే 8 నంబరు కొక్కేనికి రెండు, మొన బయటికి కనిపించాలి. పిండి వాడేటట్టయితే 100 గ్రాముల గోధుమపిండికి నీళ్లు కొద్దికొద్దిగా పోసి గట్టిగా కలుపు, దాంట్లో చిటికెడు దూదిని పీచులుగా విడదీసి పిసుకు. దూది లేని ముద్ద విసురుకే ఊడిపోతుంది, నువ్వేమో ఖాళీ కొక్కేన్ని కాపలా కాస్తుంటావు. చేపలను పిలవడానికి మొదట ఒక గుప్పెడు గింజలు, తరవాత పావుగంటకోసారి పది. కిలోలకు కిలోలు పోస్తే వాటి కడుపు నిండుతుంది, నీ సంచి నిండదు.

డ్రాగ్‌ను, అంటే చేప ఎంత గట్టిగా లాగితే రీలు దారం వదలాలో నిర్ణయించే బిగింపును, దారం బలంలో నాలుగో వంతుకో మూడో వంతుకో బిగించు. 4 కిలోల దారమైతే కిలో దాటగానే జారడం మొదలుపెట్టాలి. విసిరాక బెయిల్ తీగను (రీలు మీద తెరిచి మూసే వంపు తీగ) చేత్తోనే మూయి, రీలు పిడి తిప్పి మూస్తే దారం మెలిపడుతుంది. బెండు కట్టి వేసినప్పుడు అది కాస్త వణికితే ఆగు, అది మూతితో తడమడమే. పక్కకు నడిచినా, మునిగినా, నిలువుగా ఉన్నది ఉన్నట్టుండి అడ్డంగా పడుకున్నా గుంజు. అడ్డంగా పడుకోవడమంటే చేప గుండును పైకెత్తిందని అర్థం.

చేప పరుగెడుతుంటే రీలు తిప్పకు, రాడ్‌ను పక్కకు వంచి పట్టు. ఆగినప్పుడు రాడ్‌ను మెల్లగా లేపి, దించుతూ చుట్టు. గట్టు దగ్గరికొచ్చాక రాడ్‌ను నెత్తిమీదికి నిలువుగా ఎత్తేస్తే కొస విరుగుతుంది. రాడ్లు తరచుగా ఇక్కడే విరుగుతాయి. వలను ముందే నీళ్లలో ముంచి ఉంచి, చేపను దాని మీదికి తీసుకురా, వలతో చేప వెంట పడకు.

వదిలేసే చేపను తడి చేత్తో పట్టు, పొడి చేతికి దాని ఒంటి జిగురు ఊడొస్తుంది. కొక్కెం గొంతులోకి పోతే తవ్వకుండా దారం కోసెయ్యి. జెల్ల జాతి చేపలకు వీపు మీదా, మొప్పల వెనకా ముళ్లుంటాయి, జాగ్రత్త. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో అరగంటైనా ఉంచు, వేడికి ఆ విషం విరుగుతుంది. వాపు పెరిగినా, ముల్లు లోపల విరిగినా డాక్టరు దగ్గరికి పో. కొక్కెం ఎదురుముల్లు దాటి నీ చర్మంలో దిగినా అంతే. కొక్కెం ఎదురుముల్లును ముందే పటకారుతో నొక్కేసుకుంటే ఈ బాధ సగం ఉండదు.

అనుమతి గురించి ఊరు దాటిన ప్రతిసారీ అడుగు. ఒకచోట పుణ్యమనుకున్నది ఇంకోచోట నేరం. స్విట్జర్లాండ్‌లో 2009 నుంచి, మళ్లీ వదిలేయాలనే ఉద్దేశంతోనే చేప పట్టడం నిషిద్ధం. ఇంగ్లండ్, వేల్స్‌లో హంసలు మింగి చచ్చిపోతున్నాయని 28.35 గ్రాములు, అంతకంటే తక్కువ తూగే సీసం గుండ్లలో దాదాపు అన్నింటినీ 1987లోనే ఆపేశారు. టంగ్‌స్టన్ గుండ్లు కొనుక్కుంటే ఎక్కడా చిక్కుండదు.

విసిరేముందు ఒకసారి తలెత్తి చూడు. కార్బన్ రాడ్‌లో కరెంటు పారుతుంది, కరెంటు తీగలకు 30 మీటర్ల లోపు రాడ్ తెరవకు. ఉరుము వినగానే దాన్ని కింద పడేసి నీళ్లకు దూరంగా పో.

వెళ్లిపోయేటప్పుడు తెగిన దారాన్ని చిన్న ముక్కలు చేసి డబ్బాలో వేసుకో, పక్షుల కాళ్లకు చుట్టుకునేది అదే. వల, చెప్పులు, గుండ్లు కడిగి నాచు పోగు కూడా లేకుండా తీసెయ్యి. తరవాతి సరస్సుకు వెళ్లేలోపు అవి పూర్తిగా ఆరాలి, ఆరాక ఇంకో రెండు రోజులు అలాగే ఉంచు. అంత వ్యవధి లేకపోతే రెండో వల ఒకటి పెట్టెలో పెట్టుకో.

మీ మావయ్య